నేతన్న ఇల్లు: మగ్గం గదిని బేస్‌మెంటు వేసే రోజే లెక్కలోకి తీసుకోండి

సంపాదకులకు,

నమస్కారం. ఆంధ్రప్రదేశ్‌లో పేదల ఇళ్ల స్థలాలు ఇకపై గ్రామాల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్ల చొప్పున ఇస్తామని ప్రభుత్వం చెబుతోంది. తెలంగాణలో సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షల సాయంతో ఇందిరమ్మ ఇళ్లు కడుతున్నారు. రెండుచోట్లా లబ్ధిదారుల్లో చేనేత కుటుంబాలు చాలానే ఉంటాయి. మంజూరయ్యే ప్లానులో మాత్రం హాలు, పడకగది, వంటగది, మరుగుదొడ్డి తప్ప మగ్గానికి గీత ఉండదు. ఇల్లు పూర్తయ్యాక హాలు గచ్చు పగలగొట్టి నేసేవాడు కాళ్లు దించే గుంత తవ్వుకోవడం, లేదంటే పక్కన రేకులు దింపుకుని అందులో మగ్గం వేసుకోవడం, ఇదే నడుస్తోంది. ఈ రెండూ ఎందుకు చెడిపోతాయో, ముందే అనుకుని కడితే ఎంత తేడాతో పోతుందో లెక్కలతో చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాం.

మొదట చోటు సంగతి. చీర నేసే గుంత మగ్గానికి, రెండు వైపులా అడ్డపోగు వేసే నాడె వచ్చి ఆగే పెట్టెలు కలుపుకుంటే, అడ్డం ఏడడుగులు పోతుంది. అటూ ఇటూ మనిషి పక్కకు తిరిగి నడవడానికి అడుగున్నర చొప్పున వదిలితే గది వెడల్పు 10 అడుగులు. పొడవు చూద్దాం. నేసేవాడి వీపు వెనక రెండడుగులు, కూర్చునే పలకకు ఒక అడుగు, గుంతకు రెండున్నర, అక్కడి నుంచి పడుగు, అంటే నిలువు పోగులు, చాపుకునే దూరం ఎనిమిది, ఆ చివర తెగిన పోగులు అతుక్కోవడానికి తిరిగే దారి రెండు. మొత్తం పదిహేనున్నర, అంటే 16 అడుగులు. పడుగును బీముకు, అంటే మగ్గం చివరి గుండ్రటి దూలానికి, చుట్టి నేస్తే ఇంకో రెండు మూడు అడుగులు తగ్గించుకోవచ్చు. కానీ పాత పద్ధతిలో తాడుతో చాపి నేసే ఊళ్లలో 16కు తగ్గిస్తే పని నడవదు. లోపల 10 × 16 ఉండాలంటే తొమ్మిదంగుళాల గోడలతో కలిపి బయటి కొలత పదకొండున్నర × పదిహేడున్నర, సుమారు 200 చదరపు అడుగులు.

ఇప్పుడు దీన్ని స్థలంతో పోల్చి చూడండి. సెంటు అంటే 435 చదరపు అడుగుల పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వ హయాంలో పట్టణాల్లో ఇచ్చింది సెంటు, గ్రామాల్లో సెంటున్నర. ఇల్లు 340 చదరపు అడుగులు. పట్టణ కాలనీలో ఇల్లూ మగ్గం గదీ కలిపితే 540 దాటుతుంది, స్థలమే అంత లేదు. గ్రామంలో 653 అడుగుల స్థలంలో కష్టం మీద పడుతుంది గానీ మెట్లకూ, మరుగుదొడ్డి గుంతలకూ మిగిలేది 110 అడుగులు. రెండు సెంట్లు నిజంగా చేతికొస్తే పట్టణంలో కూడా అన్నీ నేల మీదే సర్దవచ్చు. అప్పటిదాకా సెంటు స్థలం ఉన్నవాళ్లకు దారి ఒక్కటే. కింద మగ్గం గది, వంటిల్లు, పైన పడకలు. దానికి పునాదీ పిల్లర్లూ మొదటి రోజే రెండంతస్తులకు వేయాలి. ఒక అంతస్తుకు వేసిన పునాది మీద తర్వాత ఇంకోటి ఎక్కించడం మంచిది కాదు. తెలంగాణ పట్టణాల్లో అంతస్తులుగా కట్టిన 560 అడుగుల డబుల్ బెడ్‌రూం ఫ్లాట్లు దక్కిన నేత కుటుంబాల సంగతి ఇంకో రకం. మూడో అంతస్తు శ్లాబులో గుంత ఎవరు తవ్వగలరు? అక్కడ గుంత అక్కర్లేని స్టాండు మగ్గం తప్ప గతి లేదు, అదీ కింది ఇంటివాళ్లు అడ్డపోగును నొక్కే పన్నె దెబ్బల చప్పుడు ఓర్చుకుంటేనే.

ఇక అసలు విషయం, గుంత.

గుంత లోపలి కొలత మూడున్నర అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, రెండుంపావు అడుగుల లోతు. కాళ్లు చాలినంత లోతు, తొక్కుడు చెక్కలు ఆడినంత పొడవు. మామూలు ప్రభుత్వ ఇంటి బేస్‌మెంటు వీధి మట్టానికి అడుగున్నర, మహా అయితే రెండడుగులు ఉంటుంది. అలాంటి ఇంట్లో రెండుంపావు లోతు గుంత, దాని కింద ఆరంగుళాల అడుగు వేస్తే గుంత వీధి కంటే కిందికి పోతుంది. వాన పడగానే చుట్టూ మట్టిలో నిలిచిన నీరంతా ఇంట్లో అందరికంటే పల్లంలో ఉన్న ఈ గుంతలోకే చేరుతుంది. చీరాల, ఉప్పాడ వైపు భూగర్భ జలం ఎలాగూ పైనే ఉంటుంది. మంగళగిరి చుట్టుపక్కల్లాంటి నల్లరేగడిలో నీరు ఇంకక రోజుల తరబడి నిలుస్తుంది. గుంత నిండితే 560 లీటర్లు. తోడి పారబోస్తే మళ్లీ ఊరుతుంది. ఆ చెమ్మకు స్టీలు పన్నె తుప్పు పట్టి పడుగు మీద మరక వేస్తుంది, తొక్కుడు చెక్కల తాళ్లు చివికిపోతాయి, నేసేవాడికి మోకాళ్ల కింద రోజంతా తడే. వానాకాలం వచ్చిందంటే మగ్గాల్లోకి నీళ్లు వచ్చాయని, పని ఆగిందని మీ పత్రికలో ఫొటోలతో వార్తలు వస్తూనే ఉంటాయి. వరద రాని ఊళ్లోనూ అలా కావడానికి మూల కారణం బేస్‌మెంటు ఎత్తు.

అందుకే మేం గట్టిగా అడిగేది ఒక్కటే. మగ్గం గది వరకైనా బేస్‌మెంటు వీధి మట్టానికి మూడడుగులు ఉండాలి. గుంత లోతు రెండుంపావు అడుగులు, దాని అడుగుభాగం మందం ఆరంగుళాలు, వెరసి రెండుముప్పావు అడుగులు. గుంత మొత్తం వీధి మట్టానికి పైనే నిలుస్తుంది. మిగతా ఇల్లు రెండడుగుల్లో ఉంచి, మగ్గం గదిలోకి ఆరంగుళాల మెట్లు రెండు పెడితే ముసలివాళ్లకూ ఇబ్బంది ఉండదు.

దీనికి అదనంగా పడే ఖర్చు ఏపాటిదో చూడండి. అడుగున్నరకు బదులు మూడడుగులంటే, ఆ గదికి 240 ఘనపుటడుగుల మట్టి ఎక్కువ, అంటే ట్రాక్టరు ట్రక్కులు రెండో మూడో. తొమ్మిదంగుళాల గోడ అడుగున్నర ఎత్తు పెరిగినందుకు 850 ఇటుకలు. ఒక గోడ ఇంటితో ఉమ్మడిగా ఉంటే ఇంకా తక్కువ. అయితే మూడడుగుల మట్టిని ఆపే గోడ కాబట్టి కింది అడుగున్నర పదమూడున్నర అంగుళాల మందం, పైది తొమ్మిది అంగుళాలు కట్టాలి. ఆ పైన ప్లింత్ బీము, అంటే గోడల మీద చుట్టూ వేసే కాంక్రీటు దూలం, తప్పనిసరి. మట్టి గ్రావెలో, మొరమో, ఇసుకో కావాలి. పునాది తవ్వినప్పుడు తీసిన నల్లమట్టినే మళ్లీ నింపడం అందరూ చేసే పొరపాటు. అది వానకు ఉబ్బి గచ్చును లేపుతుంది, ఎండకు కుంగి పగుళ్లిస్తుంది. నింపేటప్పుడు ఆరంగుళాలకు ఒక పొర, ప్రతి పొరకూ నీళ్లు, దిమ్మిసతో కొట్టడం. మూడడుగులూ ఒకేసారి పోసి పైన నీళ్లు వదిలితే ఏడాది తిరక్కముందే గుంత ఒక పక్కకు ఒరుగుతుంది. గుంత ఒరిగితే మగ్గం ఒరుగుతుంది. మగ్గం మట్టం తప్పితే గుడ్డ అంచు ఒక వైపు వదులు, ఒక వైపు బిగువు. అమ్మకం దగ్గర కోత పడేది అక్కడే.

గుంత కట్టే వరుస కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని చాలామంది చివర్లో చేస్తారు. మట్టి మొత్తం నింపి గచ్చు వేసి ఆ తర్వాత తవ్వితే పక్కలు జారతాయి, గచ్చు చుట్టూ చీలుతుంది. గుంత అడుగు రావాల్సిన మట్టం దాకా మట్టి నింపి, కొట్టి, అక్కడ ఆగాలి. ఆ మట్టం మీద 250 మైక్రాన్ల పాలిథిన్ కవరు పరిచి, మూడంగుళాల బెడ్ కాంక్రీటు 1:4:8 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర), 40 ఎంఎం కంకరతో, గుంత బయటి కొలత కంటే చుట్టూ ఆరంగుళాలు పెద్దగా వేయాలి. దాని మీద నాలుగంగుళాలు 1:2:4, 20 ఎంఎం కంకరతో. పైన చెప్పిన ఆరంగుళాల అడుగు అంటే ఈ రెండూ కలిసి, ఒక అంగుళం అటూ ఇటూ. తర్వాత నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ 1:4 మాలుతో. బయటి వైపు కూడా ప్లాస్టరింగ్ చేయాలి. 1:3 పాళ్లు, వాటర్‌ప్రూఫ్ పౌడరు కలిపి. చెమ్మ బయటి నుంచి వచ్చేది కాబట్టి లోపల ఎంత పూసినా బయట వదిలేస్తే లాభం లేదు. గుంత అడుగు ఒక మూలకు కొద్దిగా వాలు ఉండి, ఆ మూలలో తొమ్మిదంగుళాల చదరం చిన్న గుంట వదలాలి. నీరు వచ్చినా చెంబుతో తోడేయవచ్చు. మొత్తం గుంతకు 160 ఇటుకలు, మూడున్నర బస్తాల సిమెంటు. ఇంతే.

ప్లాస్టరింగ్ అయిన మర్నాటి నుంచి గుంత నిండా నీళ్లు పోసి వారం ఉంచండి. క్యూరింగ్ అవుతుంది, పరీక్షా అవుతుంది. గోడ మీద గీత గీసి చూస్తే ఎండకు ఇగిరిన దానికంటే ఎక్కువ దిగిందో లేదో తెలిసిపోతుంది. కారుతుంటే చుట్టూ మట్టి ఇంకా నింపలేదు కాబట్టి బయటి నుంచే సరిచేయవచ్చు. ఆ తర్వాతే చుట్టూ మిగతా మట్టి. గుంత అంచు చుట్టూ కడప బండో, తెలంగాణ వైపు అయితే షాబాద్ బండో ఆరంగుళాల వెడల్పున వేసి, దానికీ గచ్చుకూ మధ్య సన్నని సందు వదిలితే గచ్చు కదిలినా గుంత పగలదు. గుంత అంచు ఏ గోడకూ రెండడుగుల కంటే దగ్గర ఉండకూడదు. పైన చెప్పిన గది కొలతల్లో అది ఎలాగూ వస్తుంది.

కొన్నిచోట్ల పని తేలికని రెండు సిమెంటు వరలు, అంటే బావి రింగులు, దింపేస్తారు. గుండ్రటి గుంతలో తొక్కుడు చెక్కలకు మూలలు చాలవు, ఆ వరలకు అడుగుభాగం ఉండదు కాబట్టి నీరు కిందినుంచి పొంగుతుంది. పాత ప్లాస్టిక్ ట్యాంకు కోసి పాతితే ఇంకా దారుణం. నీటిమట్టం పెరగగానే అది తేలి మగ్గాన్ని లేపుతుంది.

ఇప్పటికే తక్కువ బేస్‌మెంటుతో ఇల్లు ఉన్నవాళ్లకు? గుంత ఒక అడుగే తవ్వి, మగ్గాన్ని అడుగుంపావు ఎత్తు కాంక్రీటు దిమ్మెల మీద నిలిపి, కూర్చునే చోటును కూడా అంత ఎత్తు అరుగుగా కట్టుకోవచ్చు. కాళ్ల లోతు అదే రెండుంపావు. మగ్గం పైకి పోయినందుకు గది ఎత్తు చాలుతుందో లేదో ముందు చూసుకోవాలి.

చెదల మాట మరిచిపోతారు. మగ్గం అంతా కర్ర, నేలను తాకుతూ ఉంటుంది, మట్టి నింపిన గది. బెడ్ కాంక్రీటు వేయకముందే క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ మందు లీటరుకు 19 లీటర్ల నీళ్లు కలిపి, చదరపు మీటరుకు 5 లీటర్ల చొప్పున నేలంతా తడపాలి. ఈ గదికి 75 లీటర్ల ద్రావణం, అంటే మూడుముప్పావు లీటర్ల మందు. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ. బావీ, బోరూ దగ్గరగా ఉంటే చల్లకండి.

మరుగుదొడ్డి ఇంకుడు గుంతలు మగ్గం గుంతకు కనీసం పదడుగుల ఎడంగా, వీలైతే వాలుకు దిగువన ఉండాలి. స్థలం చాలలేదని ఆ రెంటినీ ఒకే గోడకు అటూ ఇటూ పెట్టిన ప్లానులు ఉన్నాయి. గుంతలో ఏ నీరు ఊరుతుందో వేరే చెప్పాలా?

తలుపు విషయం చిన్నదే గానీ పని ఆపేస్తుంది. పన్నె ఉండే పలక ఎనిమిదడుగుల దాకా పొడవు, పడుగు చుట్టిన బీము ఆరడుగులు, డిజైను కోసం పడుగు పోగులను లేపే జకార్డు పెట్టె బరువూ వెడల్పూ ఎక్కువ. మగ్గం గదికి మూడున్నర అడుగుల తలుపు నేరుగా బయటికి ఉండాలి. ఇంటి సందులోంచి మలుపు తిరిగి రావాల్సిన రెండున్నర అడుగుల తలుపుతో బీము లోపలికి రాదు.

కిటికీ గురించి ఇంజనీర్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మామూలు ఇంటికి కిటికీ అడుగు నేలకు మూడడుగుల ఎత్తులో ఉంటుంది. గుంత మగ్గం మీద గుడ్డ నేలకు అడుగున్నర ఎత్తులో ఉంటుంది. అంటే మనం కట్టే కిటికీ వెలుతురు గుడ్డ మీదుగా దాటి ఎదుటి గోడ మీద పడుతుంది. పగలు కూడా లైటు వేసుకుని నేస్తున్నారంటే కారణం ఇదే. మగ్గం గది కిటికీ అడుగు నేలకు అడుగున్నర ఎత్తు నుంచే మొదలవ్వాలి. నాలుగడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు, ఇనుప గ్రిల్లు, దోమతెర. ఉత్తరం గోడకైతే మేలు. పడమటి ఎండ నేరుగా పడితే రంగు దారం వెలిసిపోతుంది, పడుగు ఎండి తెగుతుంది. వెలుతురు నేసేవాడికి పక్క నుంచి రావాలి. వీపు వెనక నుంచి వస్తే అతని నీడే పని మీద పడుతుంది. రాత్రి పనికి 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు కావాలి. వాటిని శ్లాబుకు బిగించి లాభం లేదు. గుడ్డకు నాలుగడుగుల ఎత్తులో వేలాడదీసి, ఒకటి పన్నెకు ఇవతల, ఒకటి అవతల పెడితే పన్నె నీడ పోతుంది, తెగిన పోగు కనిపిస్తుంది.

గది ఎత్తు మగ్గాన్ని బట్టి. చిన్న డిజైన్లకు వాడే డాబీతో నేసేవాళ్లకు తొమ్మిదిన్నర అడుగులు సరిపోతుంది. ధర్మవరం పట్టులాంటి పనికి జకార్డు ఉంటుంది. ఆ చట్రం నేలకు ఏడడుగుల ఎత్తులో మొదలై, పెట్టె రెండున్నర అడుగులు, అట్టలు మార్చడానికి మనిషి చెయ్యి ఆడాలంటే పైన ఇంకో అడుగున్నర. పదకొండడుగులకు తక్కువ వద్దు. ఈ జకార్డును శ్లాబు కొక్కేలకు వేలాడదీయకుండా నాలుగు స్తంభాల మీద విడిగా నిలిపితే శ్లాబుకు అదురు పట్టదు. పడుగు చాపే తాడును కట్టే గూటం కూడా నాలుగున్నర అంగుళాల గోడలోకి దిగగొట్టవద్దు. రోజూ లాగుడుకు ఆ గోడ చీలుతుంది. గచ్చు వేసేముందే రాతి స్తంభం రెండడుగులు భూమిలోకి దింపి కాంక్రీటు చేసుకుంటే తరాలు నిలుస్తుంది.

పైకప్పు శ్లాబయితే నాలుగున్నర అంగుళాలు, పైన తెల్లటి కూల్ పెయింటు రెండు కోట్లు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది, మగ్గాల షెడ్లకు దాన్ని వర్తింపజేస్తే వేసవి మధ్యాహ్నాలు పని ఆగదు. రేకులయితే కింద అంగుళన్నర గాలి ఖాళీ వదిలి సిమెంటు ఫైబరు బోర్డు కొట్టించండి. థర్మోకోల్, తాటాకు మాత్రం వద్దు, దూది నూగు ఎగిరే గదిలో నిప్పు అంటుకుంటే అవి ఆరవు. కోస్తా అంతా సెకనుకు 50 మీటర్ల గాలిని తట్టుకునేలా కట్టాలని జాతీయ ప్రమాణం చెబుతోంది. కాబట్టి రేకుల కింద గొట్టాలు నాలుగడుగులకు ఒకటి, అంచు రేకులకు ప్రతి రెండో గాడిలో బోల్టు. గాలి మొదట లేపేది అంచునే. రేకుల జోడింపు పడుగు సరిగ్గా ఉండే చోటి మీదికి రాకుండా చూసుకుంటే కారినా నష్టం తక్కువ.

సీలింగ్ ఫ్యాను మగ్గం మీద పెడితే నూలు పడుగు ఎండి పోగులు తెగుతాయి. నూలుకు కొంత చెమ్మ ఉంటేనే బలం. పాతకాలపు మట్టి నేల గదుల్లో నేత సాఫీగా సాగడానికి అదే కారణం. గచ్చు వేసినందుకు ఆ చెమ్మ పోతుంది కాబట్టి వేసవిలో గుంతలో, మగ్గం కింద తడి గోనెపట్టాలు పరుచుకోవాలి. ఊట నీటిని ఆ పనికి నమ్ముకోకూడదు. అది వద్దన్నప్పుడు వస్తుంది, కావాల్సిన ఏప్రిల్‌లో రాదు. ఫ్యాను నేసేవాడి వెనక గోడకు, పైన ఒక ఎగ్జాస్టు.

ఇల్లూ పనీ ఒకే కప్పు కింద ఉన్నప్పుడు నిప్పు, నూగు, చప్పుడు, ఈ మూడింటికీ అడ్డు కట్టాలి. మగ్గం గదికీ పడకగదికీ మధ్య తొమ్మిదంగుళాల గోడ, వంటగది తలుపు మగ్గం గదిలోకి తెరుచుకోకూడదు. తాలింపు పొగ, నూనె జిడ్డు పట్టు మీద కూర్చుంటాయి, జరీ నల్లబడుతుంది. కరెంటుకు మగ్గం గది వైరింగు వేరు. లైట్లకు ఒకటిన్నర, ప్లగ్గులకు రెండున్నర చదరపు ఎంఎం రాగి తీగ, విడిగా ఎంసీబీ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు. జకార్డు ఎత్తడానికి చిన్న మోటారు పెట్టుకునేవాళ్లు పెరిగారు. దాని వైరు చెమ్మ గుంత పక్కనే పోతుంది. ఆర్‌సీసీబీ లేకుండా ఆ మోటారు పెట్టనివ్వవద్దు. రాత్రి గుంత మీద రెండు ముక్కల చెక్క మూత వేయాలి. ఇంట్లో పాకే పిల్లలుంటారు. ఎలుకలకూ అదే అడ్డు.

రాట్నానికీ, కండెలు చుట్టడానికీ ఐదు × ఆరు అడుగుల వసారా చాలు, వెలుతురు ఉంటే. పోచంపల్లి, పుట్టపాక వైపు పోగులు వరుసగా చుట్టే ఆసుకు ఇంకాస్త చోటు, రంగుల పనికి వేరే పంచ కావాలి. రంగుల దగ్గర వాడే సోడియం హైడ్రోసల్ఫైట్, అందరూ హైడ్రో అనేది, చెమ్మ తగిలితే తనంతట తానే వేడెక్కి మండుతుంది, ఘాటైన గ్యాసు వదులుతుంది. దాన్ని మూత బిగించిన డబ్బాలో, ఎత్తున, పొడిగా, పడుకునే గదికి దూరంగా పెట్టాలి. నీళ్లలో హైడ్రో వేయాలి గానీ హైడ్రో మీద నీళ్లు పోయకూడదు. కాస్టిక్ సోడాకూ అదే పద్ధతి.

కాలనీ గీసేవాళ్లకు ఒక మాట. పడుగుకు గంజి పెట్టి సరిచేయడానికి తెల్లవారుజామున వీధి కావాలి. 6.2 మీటర్ల చీరలు నాలుగు వచ్చే పడుగు 25 మీటర్లకు తగ్గదు. స్తంభాలు, మలుపులు అడ్డం రాని 100 అడుగుల సందు ఒక్కటి, రెండు వైపులా చెట్లతో, ముప్పై నలభై ఇళ్లకు సరిపోతుంది. ఖర్చు ఏమీ లేదు, స్తంభాలు ఒక వైపుకు జరిపితే చాలు.

ఇవన్నీ ఇంటి ఎస్టిమేటులో ఎందుకు పడవంటే, మగ్గం షెడ్డు ఒక శాఖ పని, ఇల్లు ఇంకో శాఖ పని. జాతీయ చేనేత అభివృద్ధి కార్యక్రమం కింద మగ్గం షెడ్డుకు 1.20 లక్షలు ఇచ్చే ఏర్పాటు ఉంది. గ్రామీణ ఆవాస్ యోజన ఇంటికి మైదాన ప్రాంతంలో ఇచ్చేదీ 1.20 లక్షలే, కనీస విస్తీర్ణం వంటచోటుతో కలిపి 25 చదరపు మీటర్లు. రెండూ ఒకే కుటుంబానికి వచ్చినా వేర్వేరు ఏళ్లలో వస్తే రెండో డబ్బు మొదటి కట్టడాన్ని పగలగొట్టడానికే ఖర్చవుతుంది. షెడ్డుకు వేరే పునాది, వేరే గోడ, వేరే కప్పు. ఒకేసారి వస్తే ఒక గోడ ఉమ్మడి, ఒకే పునాది తవ్వకం, ఒకే సెంట్రింగు.

కాబట్టి జిల్లా గృహనిర్మాణ, చేనేత జౌళి శాఖల అధికారులను మేం కోరేది ఇది. చేనేత గుర్తింపు ఉన్న కుటుంబానికి ఇల్లు మంజూరు చేసేటప్పుడే మగ్గం గదితో కలిపిన ప్లాను ఇవ్వండి. గుంత మగ్గానికొకటి, జకార్డుకొకటి, కింద మగ్గం పైన పడకలతో సెంటు స్థలానికొకటి, మూడు నమూనాలు చాలు. షెడ్డు డబ్బును ఇంటి బేస్‌మెంటు బిల్లుతో పాటే విడుదల చేయండి. బేస్‌మెంటు దశలో ఫొటో తీసి బిల్లు పెట్టే ఇంజనీరు, మగ్గం గది మూడడుగులు లేచిందా, గుంతలో నీళ్లు పోసి వారం చూశారా అన్నది కూడా ఆ ఫొటోలోనే నమోదు చేయాలి. ఆ తర్వాత మట్టి నింపేస్తారు, అప్పుడు చూడాలన్నా కనిపించదు.

ఇట్లు,
మగ్గం షెడ్లు కట్టే ఒక మేస్త్రీ, గుంత మగ్గం నేసే ఒక చేనేత కార్మికుడు
చీరాల